కడుపుతో ఉందని పేగు పూత మందులు ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

గర్భిణుల ఆరోగ్యం గురించి పత్రికల్లో వచ్చేదంతా రక్తహీనత, బీపీ, షుగర్ చుట్టూనే ఉంటోంది. అవి రావాల్సినవే. కానీ పెద్దపేగు పూత, డాక్టర్లు అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు, ఉన్న ఆడపిల్లల మాట ఎక్కడా కనపడదు. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయికి ఇరవై రెండేళ్లప్పుడు ఈ జబ్బు బయటపడింది. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. రక్తం, జిగురుతో విరేచనాలు, మెలిపెట్టే నొప్పి, ఒక్క నిమిషం కూడా ఆపుకోలేని తొందర. మందులతో అదుపులో ఉంచుకోవాల్సిన జబ్బు ఇది. రోజూ మెసలమైన్, అజాథయోప్రిన్ మాత్రలు వేసుకుంటూ ఏడాదిన్నర పాటు ఏ బాధా లేకుండా ఉంది. ఆ తర్వాతే నెల తప్పింది.

రెండో నెలలో చూపించడానికి వెళ్లిన చోట మందుల చీటీ చూసి, "ఇవి పవర్ ఎక్కువ, బిడ్డకు మంచిది కాదు, ఆపేయండి" అన్నారు. మందుల షాపులోనూ అదే మాట. అందరికంటే గట్టిగా ఆపమన్నది నేనే. పేగు డాక్టరు గారికి ఒకసారి ఫోన్ చేస్తానమ్మా అని పిల్ల అంటే, ఇక ఆ మందుల ఊసే ఎత్తొద్దన్నాను.

ఐదో నెలలో రక్తం పడటం మొదలైంది. కడుపుతో ఉన్నప్పుడు మొలలు మామూలేనని పూతమందు రాసిచ్చారు. నేనేమో వేడి చేసిందని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగించాను. రోజుకు పది పన్నెండు సార్లు బాత్రూముకు పరిగెత్తేది. పరీక్షలకు వెళ్తే గంటల తరబడి వరసలో కూర్చోవాలి, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు. ఆ భయానికే ముందురోజు రాత్రి నుంచి తిండి మానేసేది. అలా మూడు వారాలు పోయాయి. బరువు పెరగాల్సిన పిల్ల నాలుగు కిలోలు తగ్గింది.

చివరికి హైదరాబాద్‌లో పేగు డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్లాం. పేగు చివరి భాగం వరకే చిన్న గొట్టంతో చూశారు. గర్భిణులకూ ఆ పరీక్ష చేయొచ్చట. స్టెరాయిడ్లు, తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఐరన్ మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఎక్కించారు. ముప్పై ఆరో వారంలో, రెండు కిలోల నూరు గ్రాముల బరువుతో మనవడు పుట్టాడు.

ఆ డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పాకే నాకు విషయం తెలిసింది. బిడ్డకు మందుల కంటే ఎక్కువ ముప్పు అదుపు తప్పిన జబ్బు వల్లే. నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు, తల్లికి రక్తం గడ్డకట్టడం, ఇవన్నీ దాని వల్ల వచ్చేవి. జబ్బు అణిగి ఉన్నప్పుడు గర్భం దాలిస్తే ముగ్గురిలో ఇద్దరికి అలాగే అణిగి ఉంటుంది. అందుకే కనీసం మూడు నెలలు ఏ బాధా లేకుండా ఉన్నాకే బిడ్డ కోసం అనుకోవాలంటారు. మా పిల్ల అవన్నీ పాటించింది. మేమే చెడగొట్టాం. మెసలమైన్, అజాథయోప్రిన్ కడుపుతో ఉన్నప్పుడూ కొనసాగించేవే. అమెరికాలో 2007లో మొదలైన పియానో అనే అధ్యయనంలో ఇలాంటి పేగు జబ్బులున్న తల్లుల గర్భాలను దాదాపు పదిహేను వందలు గమనించారు. అజాథయోప్రిన్ వల్ల గానీ, ఇన్‌ఫ్లిక్సిమాబ్ రకం మందుల వల్ల గానీ పుట్టుకతో వచ్చే లోపాలు పెరిగినట్టు కనపడలేదు.

అలాగని అన్నీ మంచివే అనుకోకూడదు. మెథోట్రెక్సేట్ అనే మందును గర్భానికి కొన్ని నెలల ముందే ఆపాలి. టోఫాసిటినిబ్ కూడా వాడకూడదంటారు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చాల్సింది ఆ జబ్బు చూసే డాక్టరు. పెళ్లయిన ఆడపిల్లలు నెల తప్పకముందే వెళ్లి అడగాలి.

ఇంకో సంగతి తప్పక రాయాలి. మన దగ్గర బిడ్డ పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ వేస్తారు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. తల్లి తీసుకున్న ఇన్‌ఫ్లిక్సిమాబ్ మాయ గుండా బిడ్డలోకి చేరి కొన్ని నెలలు ఉంటుంది. బ్రిటన్‌లో అలాంటి బిడ్డకు మూడు నెలల వయసులో బీసీజీ వేస్తే, ఆ క్రిమి ఒళ్లంతా పాకి బిడ్డ చనిపోయిన సంగతి 2010లో వైద్య పత్రికలో వచ్చింది. మా మనవడికి రెండో రోజు నర్సమ్మ టీకా తెచ్చింది. మా అమ్మాయి మంచం మీద నుంచే లేచి, "ఆరు నెలల దాకా వద్దన్నారు" అని అడ్డు చెప్పింది. ఆ కాసేపు తను నిద్రపోయి ఉంటే? హెపటైటిస్ బి టీకా మాత్రం మామూలుగానే వేశారు.

తల్లీబిడ్డల కార్డులో మా అమ్మాయి జబ్బు పేరు చివరిదాకా ఎవరూ రాయలేదు. వైద్యారోగ్య శాఖను నేను కోరేది ఇంతే. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు కదా. అక్కడ "ఎప్పటినుంచైనా మందులు వాడుతున్నావా తల్లీ?" అని ఒక్క ప్రశ్న అడగండి. జబ్బు పేరు, మందు పేరు కార్డు మొదటి పేజీలో రాయండి. ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడకుండా ఏదీ ఆపమని చెప్పవద్దు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ రకం ఇంజెక్షన్లు తీసుకున్న తల్లి అయితే, టీకాల పేజీలో బీసీజీ గడి పక్కన ఎర్ర సిరాతో "ఆరు నెలలు ఆగాలి" అని రాయండి. వచ్చే తొమ్మిదో తారీఖు నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.

— ఒక పాఠకురాలు, ఖమ్మం