జనవరి బోర్డుల సంగతి

అందరికీ నమస్కారం.

జనవరిలో మన షెడ్డులో స్కేట్‌బోర్డు తీసుకున్నవాళ్లు ముందు ఒక పని చేయండి. చక్రాలు పైకి ఉండేలా బోర్డును ఒళ్లో పెట్టుకుని, తోక నుంచి ముక్కు దాకా వేలి కణుపుతో తట్టుకుంటూ రండి. అంతటా ఒకేలా ఖణఖణమంటే బాగున్నట్టే. ఎక్కడైనా పగిలిన కుండలా డొల్లగా మోగిందంటే దాన్ని ఇక ఎక్కకండి, నాకు తెచ్చివ్వండి. కొత్తది చేసిస్తాను. డబ్బులే కావాలంటే డబ్బులే ఇస్తాను. బిల్లు అడగను.

ఫిబ్రవరి చివర్లో ఒక పన్నెండేళ్ల అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. "అంకుల్, ఇది ఊడొస్తోంది" అంటూ బోర్డు తోక చూపించింది. జిగురుతో అతికించిన ఏడు చెక్క పొరల్లో మూడోదానికీ నాలుగోదానికీ మధ్య నా గోరు దూరింది. ఆ చీలికలో ఉలి పెట్టి విప్పి చూస్తే జిగురు సుద్దపొడిలా తెల్లగా ఉంది. మనం వాడేది వడ్రంగులు వాడే తెల్ల జిగురే. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే అది ఎండుతుంది గానీ పట్టదు. శాన్ హోసేలో జనవరి రాత్రి రేకుల షెడ్డు ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలియనిదేం కాదు. ఆర్డర్లు మీద పడ్డాయని పొరల్ని సాయంత్రం ప్రెస్సులో నొక్కి బిగించి, తెల్లారి తీసేశాను. ఆ నెలలో చేసినవి 19. ఇప్పటికి 6 వెనక్కి వచ్చాయి. జిగురుదీ మేపుల్ చెక్కదీ తప్పేం లేదు, తొందరపడింది నేను. ఆ పాపకు దెబ్బ తగల్లేదు. అదొక్కటే నాకు ఊరట.

విషయం తెలిసి నా మంచి కోరే ఇద్దరు ముగ్గురు ఒకే మాట అన్నారు. "ఎందుకండీ ఈ అవస్థ? ఫ్యాక్టరీ నుంచి తయారైన డెక్కులు, అంటే చక్రాలు లేని పలకలు, తెప్పించుకుని, మీ బొమ్మ అచ్చేయించి అమ్ముకోండి." చాలా షాపులు అలాగే నడుస్తున్నాయి, అందులో తప్పేమీ లేదు. లెక్క వేసుకుంటే నాకు ఖర్చు దాదాపు సగం తగ్గుతుంది. అయినా ఆ పని చేయను. ఎందుకో మీకు చెప్పుకోవాలనిపించింది.

మీలో చాలామంది టోక్యో ఒలింపిక్స్‌లో చూశాక పిల్లల కోసం మొదటి బోర్డు కొన్నారు. కోచ్‌లు, పార్కులు, పతకాలు ఉన్న ఆటగానే మీకిది పరిచయం. మొదటి రోజుల్లో రోలర్ స్కేట్లను రెండుగా విడగొట్టి పలకకు మేకులతో కొట్టేవాళ్లు, అదే బోర్డు. మెకానిక్ షెడ్డులో పాత బేరింగులు అడిగి తెచ్చుకుని బేరింగుల బండి చేసుకున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ యూరెథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ చక్రాలు తెచ్చేదాకా చక్రం కింద చిన్న గులకరాయి పడితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోయేది, మనిషి ముందుకి ఎగిరిపడేవాడు.

1976, 77లలో కాలిఫోర్నియాలో కరువు. ఇళ్ల వెనక ఈతకొలనులు ఎండిపోయాయి. శాంటా మోనికాలో జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లోమ్, క్రెయిగ్ స్టెసిక్ నడిపిన జెఫిర్ సర్ఫ్ షాపు పిల్లలకు ఆ గుండ్రటి గోడలు సముద్రపు అలల్లాగే కనిపించాయి. అడుగున మిగిలిన మురికినీళ్లు తోడిపోసి అందులో ఆడారు. ఆ జట్టులో ఒకే ఒక్క అమ్మాయి, పెగ్గీ ఓకి. మన షెడ్డుకొచ్చే ఆడపిల్లలకు ఆ పేరు తప్పకుండా చెప్తుంటాను. తర్వాత బీమా ఖర్చులు భరించలేక డబ్బు పెట్టి కట్టిన పార్కులు ఒకటొకటిగా మూతపడ్డాయి. అప్పుడు పెరట్లో ప్లైవుడ్డుతో ర్యాంపులు లేచాయి. కొలతలు చేతులు మారాయి, చెక్క ఎక్కడ దొరికితే అక్కణ్నుంచి వచ్చింది.

వీటన్నిటిలోకీ నా మనసులో నిలిచింది పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద ఉన్న స్కేట్‌పార్కు. 1990లో కొందరు స్కేటర్లు ఎవరి అనుమతీ లేకుండా ఆ వంతెన తూర్పు చివర, గోడకి ఆనించి కాంక్రీటు వాలు పోశారు. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. కొంతకాలానికి నగరమే సరేనంది. వాళ్లలో ఒకడు, రెడ్ అని పిలిచే మార్క్ స్కాట్, తర్వాత డ్రీమ్‌ల్యాండ్ పేరుతో స్కేట్‌పార్కులు కట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు. నేను వెళ్లినప్పుడు బోర్డు పక్కన పెట్టి ముందు ఆ వంపుల మీద చెయ్యి వేసి చూశాను. ఒక పోతకీ ఇంకో పోతకీ మధ్య అతుకు వేలికి తగులుతుంది. ఎక్కడ సిమెంటు అయిపోయి ఆగారో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టారో వేలితో చదువుకోవచ్చు. ఆ రోజే అనుకున్నాను, నేను అమ్మే బోర్డు నా చేత్తోనే చేయాలని.

కాబట్టి చేతిపని మానను, పద్ధతి మారుస్తున్నాను. షెడ్డులో హీటరు, థర్మామీటరు పెట్టాను. ఏడు పొరలూ ప్రెస్సులో కనీసం 12 గంటలు ఉంటాయి, తీశాక ఇంకో వారం ఆరతాయి, ఆ తర్వాతే రంపం. ప్రతి బోర్డుకూ ట్రక్కులు, అంటే చక్రాలు పట్టుకునే ఇరుసులు, కూర్చునే చోట, అతికించిన తేదీ, అప్పుడు షెడ్డులో ఎన్ని డిగ్రీలుందో పెన్సిల్‌తో రాస్తాను. ట్రక్కు విప్పితే మీకే కనిపిస్తుంది. దీనివల్ల రెండు వారాల్లో ఇచ్చే బోర్డుకు ఇకపై ఐదు వారాలు పడుతుంది. ధర 75 డాలర్ల నుంచి 85 అవుతుంది. ఆ పది డాలర్లు మీకు భారమని తెలుసు. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. జనవరి బోర్డులన్నీ మార్చి ఇచ్చేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను.

శనివారం పొద్దున 9 నుంచి 12 దాకా షెడ్డు తలుపులు తీసి ఉంచుతాను. ఆరిన చెక్క నేనిస్తాను, ఆకారం మీరే గీసుకుని, కోసుకుని, అంచులు ఆకురాయితో, ఉప్పుకాగితంతో నునుపు చేసుకోవచ్చు. అలా చేసుకున్నవాళ్లకు 60 డాలర్లే. కొనేదేమీ లేకపోయినా రండి. బేరింగులు మోత పెడుతున్నాయని కొత్తవి అడుగుతారు గానీ, చాలాసార్లు విప్పి కడిగి, ఆరబెట్టి రెండు చుక్కల నూనె వేస్తే సరిపోతుంది. అది పది నిమిషాల్లో నేర్పిస్తాను.

ఆ పన్నెండేళ్ల అమ్మాయి పోయిన శనివారం వచ్చింది. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె చింపి దానిమీద తన బోర్డు గీసుకొచ్చింది. పాతకాలం బోర్డుల్లా 10 అంగుళాల వెడల్పు, చేపతోక, ముక్కు మాత్రం కొంచెం ఎడమకి ఒరిగింది. సరిచేయనా అని అడిగితే వద్దంది. అలాగే వదిలేశాను. చెక్క ఇంకా ఆరుతోంది, వచ్చే శనివారం కోస్తుంది.

వచ్చేవాళ్లు బూట్లు వేసుకుని రండి. చెప్పులతో రంపం దగ్గరికి ఎవర్నీ రానివ్వను.