కాకినాడ నుంచి మిషిగన్ దాకా నన్ను చేర్చిన వాళ్లకు

అందరికీ నమస్కారం.

జులైలో ఇంటర్నల్ మెడిసిన్ ఇంటర్న్‌గా చేరాక నాకు దొరికిన మొదటి పూర్తి సెలవు ఈ రోజే. నిజానికి ఇది 2025 మార్చి 21, శుక్రవారం రాత్రే రాయాల్సింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంటి ముందుగదిలో ఇరవై మంది మధ్య కూర్చుని మెయిల్ తెరిచాను. మిషిగన్‌లో సీటు వచ్చిందని చదివేసరికి అమ్మ ఏడ్చేసింది. ఆ వెంటనే వీసా టెన్షన్ మొదలై ఇన్నాళ్లూ కుదరలేదు. సాయం చేసిన వాళ్లలో కొందరు తమ పేర్లు రాయొద్దన్నారు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

తెలియని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఎండీ లాంటి పీజీ శిక్షణను రెసిడెన్సీ అంటారు, అందులో మొదటి ఏడాది వాళ్లే ఇంటర్న్‌లు. మనలా బయట చదివిన వాళ్లు యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్షలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే రాసి, ఇంగ్లిష్‌కు ఓఈటీ పాసై, విదేశీ వైద్య డిగ్రీలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ సర్టిఫికెట్ తెచ్చుకుని, సెప్టెంబరులో ఈరాస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో అప్లై చేసి, ఇంటర్వ్యూలు ఇచ్చి, చివరికి మ్యాచ్‌లో, అంటే మన ఇష్టాల వరుసనూ ఆసుపత్రుల ఇష్టాల వరుసనూ కలిపి సీట్లు ఇచ్చే లెక్కలో, నిలబడాలి. 2025లో అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో నూటికి 58 మందికి మ్యాచ్ వచ్చింది. మిగతా 42 మందిలో ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, అంతకు ముందు ఏడాది నేను వాళ్లలోనే ఉన్నాను.

2024 మార్చి 11, సోమవారం. ‘మీకు ఏ సీటూ రాలేదు, విచారిస్తున్నాం’ అన్న రెండు లైన్ల మెయిల్. నాన్న ఏమీ అనలేదు, లేచి వెళ్లి గేటు వేసి వచ్చారు. ఆ రాత్రే మా కాలేజీ సీనియర్ అక్కకు మెసేజ్ పెట్టాను. నాకంటే ఆరేళ్లు సీనియర్, అంతకు ముందు ఒక్కసారి కూడా మాట్లాడింది లేదు. టెక్సస్‌లో నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చి కూడా పది నిమిషాల్లో ఫోన్ చేసింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. “నీ అప్లికేషన్ మొత్తం పీడీఎఫ్ చేసి పంపు, ఆదివారం కూర్చుందాం” అంది.

ఆ ఆదివారం మూడు గంటలు కూర్చుంది. ముందు పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే నా గురించి నేను రాసుకున్న వ్యాసం, పైకి చదివి, “పైన నీ పేరు తీసేస్తే ఇది ఎవరిదైనా కావచ్చు కదమ్మా” అంది. నిజమే. చిన్నప్పుడు తాతయ్య జబ్బు పడటం, డాక్టర్ కావాలనుకోవడం, అందరూ రాసేదే రాశాను. పీహెచ్‌సీలో పనిచేసిన ఏడాది గురించి అందులో ఒక్క ముక్క లేదు. తర్వాత నేను అప్లై చేసిన రెసిడెన్సీ ప్రోగ్రామ్‌ల లిస్టు తెరిచింది. మొత్తం 170. ఒక్కోదాని పక్కన నాలుగు గడులు పెట్టించింది: జే1 అనే శిక్షణ వీసా మీద తీసుకుంటారా, ఎంబీబీఎస్ అయ్యాక ఎన్నేళ్ల వరకు తీసుకుంటారు, అమెరికా ఆసుపత్రుల్లో ఎన్ని నెలల అనుభవం అడుగుతారు, ఇప్పుడున్న రెసిడెంట్లలో బయట చదివిన వాళ్లెందరు. వీటిలో చాలావరకు డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. ప్రోగ్రామ్‌ల సొంత పేజీల్లో, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ల ఫ్రీడా డేటాబేస్‌లో, ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల రెసిడెన్సీ ఎక్స్‌ప్లోరర్‌లో ఉంటాయి. గడులు నింపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నింపాక చూస్తే, ఆ 170లో అరవైకి పైగా నన్ను తీసుకునే వీలే లేనివి. కొన్ని వీసా మీద వచ్చేవాళ్లను తీసుకోవు, కొన్నింటికి మూడేళ్లు దాటితే పనికిరాదు. అక్కడ నా అప్లికేషన్ ఎవరూ తెరిచి కూడా ఉండరు.

రెండోసారి తొంభై ప్రోగ్రామ్‌లకే అప్లై చేశాను. ఆ సీజన్‌లో మొదటి ముప్పైకి ఒక్కోటి 11 డాలర్లు, ఆ పైన ఒక్కోటి 30 డాలర్లు. అంటే తొంభైకి 2,130 డాలర్లు. పనికిరాని చోట ఒక్కటి తగ్గినా 30 డాలర్లు మిగిలినట్టే. ఇంటర్నల్ మెడిసిన్‌కు 15 సిగ్నల్స్, అంటే ‘మీ ప్రోగ్రామ్ మీద నాకు ప్రత్యేకంగా ఆసక్తి’ అని చెప్పే గుర్తులు, ఇచ్చారు, అందులో 3 గోల్డ్, 12 సిల్వర్. పేరున్న యూనివర్సిటీల మీద వాటిని ఖర్చు చేయకుండా ఆపింది కూడా అక్కే. ఐదు ఇంటర్వ్యూలు వచ్చాయి, అందులో నాలుగు సిగ్నల్ పెట్టిన చోట్ల నుంచే. అక్కా, నీ నైట్ డ్యూటీల మధ్య నిద్ర నేను తినేశాను. నువ్వు ఎప్పుడూ విసుక్కోలేదు. జన్మంతా గుర్తుంటుంది.

ఇక మా కాలేజీ అకడమిక్ సెక్షన్ సీనియర్ అసిస్టెంట్ గారు. బయటి వాళ్లకు ఆయన చేసింది చిన్న పనిలా కనిపిస్తుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో ఒక చిక్కు ఉంది. కొందరికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, డిగ్రీలోనూ అదే వస్తుంది. పాస్‌పోర్టుకు వెళ్లేసరికి పూర్తి ఇంటిపేరు, అదీ వేరే గడిలో. మనకు అది ఒకే మనిషి. ఈసీఎఫ్‌ఎంజీకి మాత్రం రెండు పేర్లు. పరీక్ష రోజు ప్రోమెట్రిక్ సెంటర్‌లో కూడా పర్మిట్ (హాల్ టికెట్) మీది పేరూ పాస్‌పోర్టు మీది పేరూ ఒక్కటిగా ఉండాలి. నా డిగ్రీ ధ్రువీకరణ ఈ కారణంగానే ఆగింది. రెండు పేర్లూ ఒకరివేనని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి పంపాలి.

వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లాను. ఆయన పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, పాస్‌పోర్టు మూడూ వరుసగా బల్ల మీద పెట్టుకుని, ఒక స్కేలు కింద పెట్టి అక్షరం అక్షరం చూస్తూ స్వయంగా టైప్ చేశారు. ప్రింట్ తీసి, ప్రిన్సిపాల్ గారి సంతకం అయ్యాక మళ్లీ చదివి, నా పేరులో ఒక ‘హెచ్’ ఎక్కువ పడిందని గమనించారు. నేను పర్లేదన్నాను. “అక్షరం తేడా వచ్చిందనే కదమ్మా తిరుగుతున్నావు, మళ్లీ అదే తప్పుతో పంపుతామా” అని ఆ కాగితం చింపేసి కొత్తది కొట్టి, మళ్లీ సంతకానికి తనే మెట్లెక్కారు. డిగ్రీ సరైనదేనని కాలేజీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాల్సిన అభ్యర్థన కూడా ఆయనకే వస్తుంది. రోజూ పొద్దున్నే అదే తెరిచి చూసేవారట. నాలుగో రోజు ‘అయిపోయిందమ్మా’ అని వాట్సాప్ పెట్టారు. ఇలాంటి చోట నెలలు గడిచిపోయి సీజన్ పోగొట్టుకున్న స్నేహితులు నాకు ఉన్నారు. సార్, మీరు ఈ ఏడాది రిటైర్ అవుతున్నారని తెలిసింది. మీ బల్ల మీద నుంచి వెళ్లిన కాగితాలతో ఎంతమంది ఇక్కడ పేషెంట్లను చూస్తున్నారో మీకు ఎవరైనా చెప్పారో లేదో. నాకు తెలిసి పన్నెండు మంది.

అమెరికా ఆసుపత్రి అనుభవం కోసం మొదట ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టాను. తేదీ రెండుసార్లు మార్చి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ డబ్బు మావయ్య చీటీ పాడి ఇచ్చింది. ఆయనకు చెప్పడానికి నెల పట్టింది. చెబితే, “పోయింది పోయింది, ఇంకెంత కావాలో చెప్పు” అన్నారు. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మ్యాచ్ గ్యారంటీ అనేవాళ్లకు, సిఫార్సు లేఖ అమ్ముతామనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. గ్యారంటీ ఎవరి చేతిలోనూ లేదు.

ఆ తర్వాత ఒహాయోలో ఉన్న తెలుగు డాక్టర్ గారు రెండు నెలలు తన క్లినిక్‌లో అబ్జర్వర్‌గా ఉండనిచ్చారు. ఒక్క డాలర్ తీసుకోలేదు. అబ్జర్వర్ అంటే చూడటమే, పేషెంట్‌కు వైద్యం చేయకూడదు. కానీ ఆయన ప్రతి సాయంత్రం ఒక కేసు నాతో చెప్పించి, జేబులో ఉండే చిన్న డైరీలో ఏదో రాసుకునేవారు. ఏం రాస్తున్నారో నేను అడగలేదు.

ఒకరోజు డెబ్బై దాటిన పెద్దాయన వచ్చారు. బీపీకి లిసినోప్రిల్ వాడుతున్నారు, రక్త పరీక్షలో పొటాషియం మూడోసారి ఎక్కువ వచ్చింది. సార్ వేరే గదిలో ఉండగా ఆయనతో కబుర్లాడుతూ, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఏ ఉప్పు వాడతారు అని అడిగాను. మా ఊళ్లో ఎవరింటికి వెళ్లినా ఏం వండారని అడగందే మాట మొదలు కాదు, ఆ అలవాటే. సోడియం తక్కువని కూతురు తెచ్చిన ఉప్పు వాడుతున్నామన్నారు. అది పొటాషియం క్లోరైడ్. సార్‌కు చెప్పాను. ఆయన నవ్వి, డైరీ తీశారు.

సిఫార్సు లేఖలో ఏముందో మనం చూడం. చూసే హక్కు వదులుకుంటున్నామని ముందే రాసిస్తాం. లేఖ రాసినవాళ్లే నేరుగా అప్‌లోడ్ చేస్తారు. నవంబరులో, ఇప్పుడు నేను పనిచేస్తున్న ప్రోగ్రామ్ ఇంటర్వ్యూలో, ఒక ప్రొఫెసర్ స్క్రీన్ మీద నుంచి, “ఆ ఉప్పు సంగతి మీ మాటల్లో చెప్పండి” అన్నారు. అప్పుడు తెలిసింది ఆ డైరీ ఎందుకో. సార్, ‘కష్టపడి పనిచేస్తుంది’ అని మూడు వాక్యాలు రాసి ఊరుకోవచ్చు మీరు. అలా రాయలేదు. ఒహాయో ఆంటీ, నాకు మీ ఇంట్లో గది ఇచ్చి, దిగిన రోజే కారు నేర్చుకున్నావా అని అడిగి, లేదంటే రెండు నెలలూ మీరే దింపి తీసుకొచ్చారు.

ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే, మనకు సాయంత్రం ఆరున్నర తర్వాత. కరెంటు పోతుందేమోనని మావయ్య తన షాపు ఇన్వర్టర్ బ్యాటరీ మా మేడ మీదకు మోసుకొచ్చారు. పరీక్షకు చదివే రోజుల్లో హాస్టల్ రూమ్మేట్, మా వరంగల్ పిల్ల, రోజూ పొద్దున ఆరింటికి ఫోన్లో నాతో నలభై ప్రశ్నల బ్లాక్ చేసింది. అప్పట్లో స్టెప్ 2 సీకే తొమ్మిది గంటల పరీక్ష, ఎనిమిది బ్లాకులు. తను లేకపోతే నేను ఐదో బ్లాక్‌కే చేతులెత్తేసేదాన్ని. తనకు కూడా ఈసారే మ్యాచ్ వచ్చింది, పీడియాట్రిక్స్‌లో.

ఇంటర్వ్యూలు అయ్యాక ప్రోగ్రామ్‌లను ఇష్టం కొద్దీ వరుసలో పెట్టే ర్యాంక్ లిస్టు వేసేటప్పుడు భయపడి, వస్తుందనుకున్నదాన్ని పైన పెట్టబోయాను. అక్క వాళ్లాయన ఆపారు. ఈ మ్యాచ్ లెక్క అభ్యర్థి ఇష్టం వైపు నుంచి మొదలవుతుందట. దీన్ని సరిదిద్దిన వాళ్లలో ఒకరైన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. “నీకు నిజంగా ఇష్టమైనది పైన పెట్టమ్మా, అది రాకపోయినంత మాత్రాన కిందిది పోదు” అన్నారు బావగారు. నాకు వచ్చింది నేను రెండో స్థానంలో పెట్టింది.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. జే1కు ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ శిక్షణ పొందిన డాక్టర్లు దేశానికి అవసరమనే లేఖ) రావాలి, అప్పుడే ఈసీఎఫ్‌ఎంజీ వీసాకు కావాల్సిన డీఎస్2019 పత్రం ఇస్తుంది. నా కాగితాలు చేతికొచ్చేసరికి మే నెలాఖరు, సరిగ్గా అప్పుడే అమెరికా కాన్సులేట్లలో కొత్త వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్ మూడో వారంలో మళ్లీ తెరిచారు. ఆ మధ్య రోజుల్లో మా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ గారు రోజు విడిచి రోజు మెయిల్ చేశారు, “సీటు ఎక్కడికీ పోదు, నువ్వు ఎప్పుడొస్తే అప్పుడే మొదలుపెడదాం” అని. తేదీలు మార్చి డ్యూటీ చార్టు మళ్లీ వేశారు. నా తోటి ఇంటర్న్‌లు మొదటి రెండు వారాలు నా వంతు కూడా మోశారు. ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఈ సెప్టెంబరులో అప్లై చేస్తున్నవాళ్లు, ముఖ్యంగా కిందటిసారి మ్యాచ్ రానివాళ్లు, ఆగస్టు 20 లోపు మీ పర్సనల్ స్టేట్‌మెంట్, ప్రోగ్రామ్‌ల లిస్టు నాకు పంపండి. ఆ నాలుగు గడులు నింపి పంపండి. నాకు నెలలో నాలుగు రోజులే సెలవు, ఒక్కో సెలవుకు ముగ్గురివి చదవగలను. అక్క కూడా ముగ్గురివి చూస్తానంది. పేరు తేడా ఉన్నవాళ్లు మాత్రం ఆగకండి, రేపే కాలేజీకి వెళ్లండి.