‘ఒకసారి వచ్చిపోయింది కదా’ అన్న మాట గురించి

తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఒంటిపూట బడులు మొదలు కాకముందే ఈ ఏడాది ఆటలమ్మ మన బడికి వచ్చింది. ఫిబ్రవరి చివరి వారం నుంచి నా బల్ల మీదకు చేరిన సెలవు చీటీల్లో సగానికి పైగా ‘బాబుకు అమ్మవారు పోసింది’ అన్న మాటతోనే మొదలయ్యాయి. ఒక చీటీ అంచున పసుపు వేలిముద్ర కూడా ఉంది. గత వారం అయిదో తరగతి పిల్లవాడొకణ్ణి వెంటబెట్టుకుని తండ్రిగారు వచ్చారు. తలకు నీళ్లు పోసేశామనీ, పరీక్షలు దగ్గరపడ్డాయి కనుక తరగతిలోకి పంపమనీ అడిగారు. వాడు చొక్కా చేతులు మడిచి చూపించాడు. ముంజేతుల మీద పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాయి. కుడిచెవి వెనక, జుట్టు మొదట్లో మాత్రం ఆవగింజంత పొక్కు ఒకటి ఇంకా నీరు పట్టి మెరుస్తోంది. వాణ్ణి ఇంటికి పంపేశాను. ఆయన కోప్పడలేదు గానీ వెళ్తూ వెళ్తూ, ‘ఒకసారి వచ్చిపోతే జన్మలో మళ్లీ రాదు కదా మేడమ్, మిగతా పిల్లలకూ ఇప్పుడే వచ్చిపోతే మంచిదేగా’ అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఎందుకు కాదో చెప్పడానికే ఈ లేఖ. చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన అలవాటు వల్ల కాస్త పొడవైతే మన్నించండి.

ఒకసారి తట్టు పోసినవారికి మళ్లీ పోయదని మన పెద్దలకు అనుభవంతో తెలుసు. దానికి గట్టి రుజువు 1846లో, ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో దొరికింది. అక్కడ అంతకుముందు 1781లో తట్టు వచ్చింది. ఆ తర్వాత 65 ఏళ్ల పాటు ఆ దీవుల్లో దాని జాడే లేదు. 1846లో ఓడ మీద మళ్లీ అడుగుపెట్టినప్పుడు, దాదాపు 7,800 మంది జనాభాలో సుమారు 6,000 మందికి సోకింది. డెన్మార్క్ ప్రభుత్వం పంపిన పీటర్ పానమ్ అనే పాతికేళ్ల వైద్యుడు ఊరూరా తిరిగి విచారించగా, 1781లో తట్టు వచ్చి ఇంకా బతికి ఉన్న వృద్ధులు 98 మంది తేలారు. వారిలో ఒక్కరికీ ఈసారి రాలేదు. అప్పట్లో తప్పించుకున్న ముసలివారికి మాత్రం వచ్చింది. కాబట్టి కాపాడింది వయసు కాదు, పాత జబ్బు. మధ్యలో వైరస్ ఒక్కసారైనా తగలకపోయినా 65 ఏళ్లు నిలిచిన రక్షణ అది.

ఇది ఎలా సాధ్యమన్నది పైతరగతుల పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న, ఎందుకంటే జబ్బుతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే, పాఠ్యపుస్తకాల్లో ప్రతిరక్షకాలు అని రాసే యాంటీబాడీల ఆయుష్షు చాలా తక్కువ. రక్తంలో తిరిగే ప్రధానమైన రకం యాంటీబాడీలు మూడు వారాలకల్లా సగమైపోతాయి. అంటే అరవై ఏళ్ల కిందటి యాంటీబాడీ ఎవరి ఒంట్లోనూ లేదు. అరవై ఏళ్లుగా రోజూ కొత్తవి తయారవుతూ వచ్చాయి. వాటిని తయారుచేసే ప్లాస్మా కణాల్లో అధికభాగం జబ్బు తగ్గిన కొద్ది వారాలకే చనిపోతాయి గానీ, కొన్ని ఎముకల మూలుగలోకి చేరి అక్కడే స్థిరపడి, ఏళ్ల తరబడి పని ఆపకుండా ఉంటాయి. బావిలో నీరు తోడేసినా ఊట ఉంటే మళ్లీ నిండుతుంది కదా, ఇక్కడా చూడవలసింది ఊటను.

ఆ ఊట అన్ని జబ్బులకూ ఒక్కలా ఉండదు. అమెరికాలోని ఒరెగాన్‌లో 45 మంది రక్తాన్ని, కొందరి విషయంలో 26 ఏళ్ల వరకు, పదే పదే పరీక్షించి 2007లో లెక్కలు ప్రచురించారు. యాంటీబాడీల స్థాయి సగానికి పడిపోవడానికి ఆటలమ్మకైతే 50 ఏళ్లు, రుబెల్లాకు 114 ఏళ్లు, గవదబిళ్లలకు 542 ఏళ్లు, తట్టుకు 3,000 ఏళ్లకు పైగా పడుతుందని లెక్క తేలింది. మూడు వేల ఏళ్లు ఎవరూ బతకరు కనుక, తట్టు యాంటీబాడీలు మనిషి ఉన్నంతకాలం దాదాపు తగ్గవని ఆ అంకెకు అర్థం.

ఆటలమ్మ విషయంలో ఇంకొక మెలిక ఉంది, దానికి నేనే సాక్షిని. ఏడో ఏట నాకు ఆటలమ్మ వచ్చింది. ఏభై రెండో ఏట నడుముకు ఒక పక్కన మంటతో పొక్కులు లేచాయి. మా అత్తగారు చూడగానే ‘అక్కి’ అని, జాజుతో సింహం బొమ్మ వేయించడానికి నన్ను కుమ్మరి ఇంటికి తీసుకెళ్లారు. (నేను మందులు కూడా వాడాను, గొప్ప మాత్రం ఇప్పటికీ సింహానికే దక్కుతోంది.) ఆటలమ్మ వైరస్ తగ్గాక కూడా ఒంటిని విడిచిపోదు, వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో దాక్కుంటుంది. దాన్ని అక్కడ అణచిపెట్టే పని ముఖ్యంగా టి కణాలనే తెల్ల రక్తకణాలది. అవి వయసుతో బలహీనపడితే, రక్తంలో యాంటీబాడీలు ఉన్నా, అది అక్కిగా బయటపడుతుంది. ‘వచ్చిపోయింది’ అన్న మాటలో ‘పోయింది’ అన్నది ఆటలమ్మకు వర్తించదు.

ఇక జలుబు తెచ్చే కరోనా వైరస్‌ల సంగతి పూర్తిగా వేరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దశాబ్దాలుగా భద్రపరచిన పదిమంది రక్త నమూనాలను చూస్తే, అదే రకం వైరస్ పన్నెండు నెలలకే మళ్లీ సోకడం తరచుగా కనిపించింది. కోవిడ్ వచ్చి తగ్గినవారి మూలుగలో యాంటీబాడీలు చేసే కణాలు 7 నుంచి 11 నెలల తర్వాత కూడా ఉన్నాయని 2021లో తేలినా, ఆ ఏడాది చివర ఒమిక్రాన్ అనే కొత్త రకం రాగానే చాలామందికి రెండోసారి వచ్చింది. యాంటీబాడీలు ఉన్నాయి, వైరస్ రూపు మార్చుకుంది. పైగా సోకకుండా మొదట అడ్డుపడవలసిన చోటు ముక్కు, గొంతు. అక్కడి రక్షణ తొందరగా సన్నగిల్లుతుంది. తీవ్రం కాకుండా ఆపే రక్షణ అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

వానాకాలంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది డెంగీ. దానిలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి రక్షణ దీర్ఘకాలం ఉంటుంది; మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకినప్పుడు పాత యాంటీబాడీలు వైరస్‌ను అంటిపెట్టుకుంటాయి గానీ చంపలేవు; పైగా కొన్ని రక్తకణాల్లోకి దాని ప్రవేశాన్ని సులువు చేస్తాయి. కనుక రెండోసారి వచ్చే డెంగీయే ఎక్కువగా ప్రమాదకరమవుతుంది. ‘మావాడికి పోయినేడాది వచ్చింది, ఇక భయం లేదు’ అని ఒక తల్లి నాతో ధీమాగా అన్నారు. నిజానికి ఆ పిల్లవాడి జ్వరాన్నే ముందుగా పట్టించుకోవాలి. ల్యాబ్ కాగితం మీద ‘ఐజీజీ పాజిటివ్’ (అంటే ఆ జబ్బు యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయని) అని ఉంటే అది ఎప్పుడో సోకిందని చెప్పవచ్చు. ఇక సోకదని చెప్పదు. అలాంటి కాగితాలు చూపి పిల్లలను తరగతిలో కూర్చోబెట్టమని దయచేసి అడగవద్దు.

ఇప్పుడు ఆ తండ్రిగారి రెండో మాట, అంటే మిగతా పిల్లలకూ వచ్చిపోవడం మంచిదన్నది. కొన్నేళ్ల కిందట నేను ఇలాగే మొహమాటపడి, పొక్కులు పూర్తిగా మాడకముందే ఒక పాపను పరీక్ష రాయనిచ్చాను. రెండు వారాలు తిరిగేసరికి అదే గదిలో మరో నలుగురు మంచాన పడ్డారు. వారిలో ఒకరి తల్లి అప్పుడు నిండు గర్భిణి. ఆమెకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి ఉండటం వల్ల మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. తట్టు విషయంలోనైతే ఆ మాట మరీ ప్రమాదం. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని పిల్లలను తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించగా, ఇతర జబ్బులకు అప్పటికే ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయినట్టు 2019లో తేలింది. ఒక రక్షణ సంపాదించడానికి ఇన్ని పోగొట్టుకోవడం ఏం బేరం? టీకా ఆ నష్టం చేయదు.

ఇళ్లలో చంటిపిల్లలున్నవారు ఒకటి గమనించాలి. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలను తయారుచేసే కణాలు బిడ్డ ఒంట్లో ఉండవు కనుక అవి నెలల్లో కరిగిపోతాయి. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ఆ తొలి డోసుకు ముందున్న పసివాళ్లకు బడి నుంచి అన్నో అక్కో మోసుకొచ్చేదే పెద్ద ముప్పు.

కనుక ఆటలమ్మ వచ్చిన పిల్లలను, తలకు నీళ్లు పోసిన రోజును బట్టి కాకుండా, ఆఖరి పొక్కు కూడా పక్కు కట్టాకే పంపండి. గవదబిళ్లలకు వాపు మొదలయ్యాక అయిదు రోజులు, తట్టుకు దద్దుర్లు లేచాక నాలుగు రోజులు ఇంట్లో ఉంచండి. ఈ సెలవులను గైర్హాజరుగా లెక్కించం. తప్పిన పరీక్ష మళ్లీ పెడతాం. నోట్సు తరగతి ఉపాధ్యాయులు ఫోనులో పంపుతారు. టీకా కార్డు నకలు ఇంకా ఇవ్వనివారు ఈ నెలాఖరులోగా కార్యాలయంలో ఇవ్వండి. కార్డు పోయినవారు మీ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంను అడిగితే రిజిస్టరు చూసి చెబుతారు. ఆటలమ్మ టీకా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వాటిలో లేదు. వేయించాలా అన్నది మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఆ అయిదో తరగతి పిల్లవాడు సోమవారం వచ్చాడు. నేను అడగకముందే చెవి మడిచి చూపించాడు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు