టోల్కీన్ మాట్లాడుతుంటే

అమ్మలూ,

హాబిట్, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ నవలలు రాసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్ పాత ఇంటర్వ్యూ పెట్టుకుని కాసేపటికే ఆపేశానన్నావు, ఒక్క ముక్క అర్థం కాలేదని. అందులో నీ లోపమేం లేదు. ఆయన మాటతీరే అంత, గబగబా మాట్లాడతాడు, సగం మాటలు మింగేస్తాడు, దానికి తోడు నోట్లో ఆ పొగ పైపు ఒకటి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పాఠాలు విన్నవాళ్లే కొందరు సరిగ్గా వినపడేది కాదని వాపోయారు, ఇంక మనమెంత. సబ్‌టైటిల్స్ ఉన్నది వెతుక్కుని మళ్లీ పెట్టు.

1968లో బీబీసీ వాళ్లు తీసినదే ముందు చూడు. అప్పటికి ఆయనకి 76 ఏళ్లు. మధ్యలో విద్యార్థులు కొందరు లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌ని పొగుడుతూ, కొందరు తీసిపారేస్తూ మాట్లాడతారు, అవి దాటేసినా పెద్ద నష్టం లేదు. ఆయన ఉన్న చోట మాత్రం ఆగు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎవరో పిల్లాడు ఒక పేజీ ఖాళీగా వదిలేశాడట, విసుగులో దానిమీదే హాబిట్ మొదటి వాక్యం రాసేశాడట, హాబిట్ అంటే ఏంటో తనకే తెలియకుండా! ఈ కథ నువ్వు ఎక్కడో చదివే ఉంటావు, కానీ ఆయన నోట వింటే వేరు.

ఇంకోచోట, మనుషుల కథలన్నీ దాదాపు ఒక్కదాని గురించే, చావు గురించే అంటాడు. అని ఊరుకోడు. పేపర్లో కనపడిందంటూ ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా మాటలు చదివి వినిపిస్తాడు, సహజ మరణం అనేదే లేదు, ఎవరి చావు వాళ్లకి ప్రమాదమే అని. తన పుస్తకానికి కీలకం అదేనంటాడు. అంతవరకూ చిలిపిగా మాట్లాడిన ముసలాయన నోట ఆ మాట వస్తే నాకు ఒళ్లు జలదరించింది. యుద్ధాలూ ఉంగరాలూ అనుకుంటూ చదివిన నేను రెండో భాగం మళ్లీ తీశాను.

అరవైల్లోని రేడియో ఇంటర్వ్యూ ఇంకో రకం. మీ కథలు జరిగే మిడిల్ ఎర్త్ మన లోకమే కానీ వేరే కాలంలోది కదా అని అడిగేవాడు అడిగితే, కాదు, ఊహలో వేరే దశలోది అంటాడు. ఇలా ప్రశ్ననే సరిదిద్దడం ఆయనకి అలవాటు. అందుకే చిన్న చిన్న క్లిప్పులు చూడొద్దంటున్నా, వాటిలో జవాబు ఒక్కటే మిగులుతుంది, ఆ తటపటాయింపు, మాట మధ్యలో దారి మార్చడం అంతా కోసేస్తారు. నాకు అసలు నచ్చేది అదే.

ఇవన్నీ చూసే ఓపిక లేకపోతే 1952 నాటి టేపు ఒక్కటి విను. ఇంటర్వ్యూ కాదది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ అచ్చువేసేవాళ్లు దొరక్క ఆయన దిగులుగా ఉన్నప్పుడు, జార్జ్ సేయర్ అనే స్నేహితుడు తన టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టాడు. మెషిన్‌లో దయ్యముంటే పోవాలని టోల్కీన్ ముందు గోథిక్ అనే పాతకాలపు భాషలో ప్రార్థన చదివాడట. తర్వాత తన రాతలు తానే విని ధైర్యం తెచ్చుకున్నాడని సేయర్ రాశాడు. అందులో హాబిట్ నుంచి, గొల్లమ్ అనే వింత జీవి పొడుపుకథల ఘట్టం ఉంది. అక్కడ మాత్రం ఒక్క మాటా మింగడు, గొంతు మార్చి మరీ చదువుతాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, ఎలా ఉందో ఫోన్ చేసి చెప్పు.

నాన్న