సైకిల్ కంప్యూటర్‌కు అంత ఖర్చెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా బెంగళూరు మారతహళ్లిలో తెలుగు కుర్రాళ్లు చాలామంది రోడ్డు సైకిళ్లు కొంటున్నారు, సంతోషం. కానీ హ్యాండిల్‌కు బిగించి వేగం, దూరం చూసుకునే సైకిల్ కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి రంగుల మ్యాపు, టచ్ స్క్రీన్ చూసి జేబు ఖాళీ చేసుకుంటున్నారు. మా ఊరి దగ్గరి నంది కొండకు దారి తెలియనిదెవరికి?

అక్కడికి వెళ్లేవాళ్లు ముందు బారోమీటర్ ఉందో లేదో చూడాలి. నంది ఎత్తు 1,478 మీటర్లు. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే పరికరమైతేనే ఎక్కుతున్న చోట వాలు ఎంతో నమ్మకంగా తెలుస్తుంది, ఊపిరి దాచుకోవచ్చు. ఒట్టి జీపీఎస్ ఎత్తు విషయంలో తడబడుతుంది. వైరు లేకుండా సెన్సర్లను కలిపే యాంట్ ప్లస్, బ్లూటూత్ పద్ధతులు రెండూ ఉంటే, గుండె వేగం, పెడల్ వేగం కొలిచే సెన్సర్లు ఏ కంపెనీవైనా దాదాపు కలిసిపోతాయి. నలుపు తెలుపు తెర ఎండలో బాగా కనిపిస్తుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

చెన్నైలో మా తమ్ముడు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వైపు తొక్కుతాడు. అంతా చదునే. వాడికి చక్రానికి అయస్కాంతం బిగించే మామూలు మీటరు చాలు. టైరు చుట్టుకొలత (700×25 టైరుకు సుమారు 2,105 మిల్లీమీటర్లు) సరిగ్గా ఎక్కిస్తే వేగం, దూరం పక్కాగా చూపిస్తుంది.

మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, వెనక ఎర్ర లైటు కొనుక్కోండని పిల్లలకు నా మనవి. మీ ఆదివారం సంచికలో ఇలాంటి పరికరాల ధరలు, సదుపాయాలు పోల్చి తెలుగులో వేస్తే ఎందరికో మేలు.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు