నవంబరులో మన పరుగు

ప్రియమైన సూర్యానికి,

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు, చెల్లెమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నవంబరులో ఇక్కడ కాలిఫోర్నియాలో, శాక్రమెంటో నగరం దగ్గరి ఫోల్సమ్‌లో ఉన్న మీ అమ్మాయి ఇంటికి వస్తున్నామని నువ్వు రాసిన నాటి నుంచి, నిన్ను మొదటి ఆదివారమే అమెరికన్ నది ఒడ్డుకు తీసుకెళ్ళాలన్నదే నా ఆలోచన. గోదావరి గట్టు మీది సిమెంటు బాటకు మోకాళ్ళు నొప్పి చేసి పరుగు మానేశానని, ఇక మన వయసుకు నడకే చాలునని రాశావు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికే ఈ పొడుగు ఉత్తరం.

అమెరికన్ నది శాక్రమెంటో నదిలో కలిసే చోట మొదలై, ఫోల్సమ్ జలాశయం ఒడ్డున ఉన్న బీల్స్ పాయింట్ దాకా ఒక బాట ఉంది. దాని పొడుగు 32 మైళ్ళు, అంటే సుమారు 51 కిలోమీటర్లు. దారి పొడుగునా ఓక్ చెట్లు, కాటన్‌వుడ్ చెట్లు, లేళ్ళు, అడవి టర్కీ కోళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. చుట్టూ ఇంత నగరం ఉన్నా, నదికి రెండు వైపులా ఉన్న నేలను ఇళ్ళకు, దుకాణాలకు అప్పగించకుండా కాపాడుకున్నారు కాబట్టే ఇది సాధ్యమైంది. ఆ దూరం చూసి నువ్వు బెదరనక్కరలేదు. మనం సాల్మన్ చేపపిల్లలను పెంచే నింబస్ కేంద్రం దగ్గర మొదలుపెట్టి, దిగువకు రెండు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి తిరుగుదాం. ఆ ముక్కలో ఎత్తుపల్లాలు పెద్దగా లేవు.

నీ మోకాళ్ళకు కావలసినది ఈ బాట అంచుల్లో ఉంది. నడుమ తారు పరిచింది సైకిళ్ళ కోసం. దానికి రెండు పక్కలా ఉన్న మట్టి అంచులు నడిచేవారివి, పరుగెత్తేవారివి. తారు అడుగుకు ఎదురు తిరుగుతుంది, మట్టి కాస్త లొంగుతుంది. మొదట్లో నేను ఈ తేడా తెలియక తారు మీదనే, అదీ అందరికంటే వేగంగా పరుగెత్తి, పిక్కల ముందుభాగం నొప్పితో మూడు వారాలు కుంటాను. ఆ తరువాత మట్టి అంచుకు మారి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున, పక్కవాడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాను. నిన్ను కూడా అలాగే పరుగెత్తిస్తాను. ఎదురుగా వచ్చే సైకిళ్ళు కనబడేలా ఎడమ అంచునే పట్టుకోవాలన్నది ఇక్కడి నియమం.

నవంబరే ఎందుకని అడుగుతావేమో. అది చినూక్ సాల్మన్ చేపలు సముద్రం నుంచి తిరిగి వచ్చే కాలం. ఈ నదిలో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాటి పసిఫిక్‌లో కొన్నేళ్ళు పెరిగిన చేప, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పుట్టిన చోటికే వస్తుంది. మంచినీటిలో ప్రవేశించాక అది మేత ముట్టదు. మన పులస కూడా అంతే కదా, వరద నీటి కాలంలో సముద్రం విడిచి గోదావరికి ఎదురెక్కుతుంది. పుస్తెలమ్మైనా తినాలనే ఆ చేపను మీ నాన్నగారు ధవళేశ్వరం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన రోజు నాకింకా గుర్తుంది. పులసకు ధవళేశ్వరం అడ్డుపడినట్టే ఈ చేపకు 1955లో కట్టిన నింబస్ ఆనకట్ట అడ్డుపడింది. ఎగువన అది గుడ్లు పెట్టే చోట్లు దానికి అందకుండా పోయాయి. ఆ నష్టానికి బదులుగానే ఈ కేంద్రాన్ని కట్టి, మెట్లు మెట్లుగా నీళ్ళు పారే దారి గుండా చేపలను లోపలికి రప్పించి, గుడ్లు తీసి, పిల్లలను పెంచి వదులుతున్నారు. ఏటా నవంబరు మొదట్లో ఆ మెట్ల దారి తెరుస్తారు. కేంద్రంలోకి వెళ్ళని చేపలు దిగువన గులకరాళ్ళ మధ్యనే గుడ్లు పెట్టి చనిపోతాయి. పులస తిరిగి సముద్రానికి వెళ్ళగలదు గాని, వీటికి తిరుగు ప్రయాణం లేదు. ఆ రోజుల్లో ఒడ్డంతా చేపల వాసన, పైన రాబందులు, కొంగలు. మొదటిసారి ఆ వాసన నాకు భరించరానిదిగా తోచింది. ఇప్పుడైతే అది తగలగానే ఏడాది తిరిగిందని తెలుస్తుంది, కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

దారిలో పెద్ద పెద్ద గులకరాళ్ళ గుట్టలు కనబడతాయి. 1848లో ఎగువన కొలోమాలో బంగారం దొరికిన తరువాత, నది ఒడ్డుల్ని యంత్రాలతో తవ్వి పారేసిన రాళ్ళు అవి. కొన్ని ఓక్ చెట్ల బెరడు నిండా చిన్న చిన్న రంధ్రాలు, వాటిలో వడ్రంగి పిట్టలు ఒక్కొక్కటిగా దిగగొట్టి దాచుకున్న ఓక్ కాయలు ఉంటాయి. నేను అక్కడ తప్పక ఆగుతాను, నువ్వూ ఆగాలి.

బాట దిగి పొదల్లోకి మాత్రం వెళ్ళవద్దు. మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. నది నీళ్ళు చాలా చల్లన, లోపలి వేగం పైకి తెలియదు, కాబట్టి గోదావరిలో ఈదినవాడినన్న ధైర్యంతో దిగకు. ఇక్కడ నవంబరులో సాయంత్రం అయిదు గంటలకే చీకటి పడుతుంది, అందుకే ఉదయం ఏడున్నరకు బయలుదేరుదాం.

కొత్త బూట్లు కొనుక్కుని రావద్దు, బాగా అలవాటైన జత తెచ్చుకో. చెల్లెమ్మకు కూడా ఒక జత పెట్టు, మీ ఇద్దరూ నడిచినా సరే, చేపలు మెట్లెక్కే చోటు దాకా ఆమె కూడా రావాలి. విమానం టిక్కెట్టు తేదీ ఖాయం కాగానే రాయి, ఆ ఆదివారం ఖాళీగా ఉంచుకుంటాను.

ఇట్లు,
నీ రామం