బీరువా తాళం

ఒరేయ్ మూర్తీ,

చెల్లెమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో మాట సగంలో ఉండగానే నా బస్సు వచ్చేసింది. అందుకే ఈ ఉత్తరం. "అమ్మాయి లైబ్రరీ సైన్సులో డిగ్రీ, బి.లిబ్. చేస్తానంటోంది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోడానికి డిగ్రీ ఎందుకురా?" అన్నావు. రెండేళ్ళ కిందటైతే నేనూ అదే మాట అనేవాణ్ణి.

మా బళ్ళో లైబ్రేరియన్ లేడు. తెలుగు మాస్టార్ని కదా, లైబ్రరీ నా నెత్తిన పెట్టారు. లైబ్రరీ అంటే ఏదో ఊహించుకోకు, స్టాఫ్ రూములో ఒక ఇనుప బీరువా. తాళంచెవి ఇస్తూ పాత ఇన్‌ఛార్జి మెల్లిగా చెప్పాడు: "పుస్తకం పోతే జీతంలో కోస్తారు, జాగ్రత్త." ఇంకేం, బీరువా తెరిస్తే ఒట్టు! నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకి తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పరిచి, ఫొటో దిగి, లెక్కపెట్టి మళ్ళీ లోపల పెట్టేశాను. స్టాక్ రిజిస్టరు మాత్రం కడిగిన ముత్యం.

ఏడో తరగతి కుర్రాడొకడు వచ్చి, "పాముల పుస్తకం ఉందా సార్?" అన్నాడు. లేదు పొమ్మన్నాను. వేసవి సెలవుల ముందు లెక్క చూస్తుంటే అడుగు అరలో కనబడింది. రంగుల బొమ్మలతో, నాగుపాము ఒకచోట, కట్లపాము ఒకచోట, ఎవరూ తెరిచి కూడా చూడని కొత్త కాపీ. వాడు అప్పటికే టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు.

అది మనసులో ముల్లులా ఉండిపోయి, ఈ లైబ్రేరియన్ల మీద ఎవరైనా ఏమైనా లెక్క తేల్చారా అని వెతికాను. అమెరికాలో కీత్ కర్రీ లాన్స్ అనే పరిశోధకుడి బృందం కొలరాడోలోని 221 ప్రభుత్వ బడుల లెక్కలు తీసి 1993లో ప్రచురించింది. లైబ్రరీలో పుస్తకాలూ మనుషులూ బాగా ఉన్నచోట పిల్లల మార్కులు మెరుగు. డబ్బున్న పేటలో బడికి అన్నీ బాగానే ఉంటాయి, ఇందులో వింతేముంది అంటావు. వాళ్ళకీ ఆ అనుమానం వచ్చింది. పేదరికం, పెద్దల చదువు లెక్కలోకి తీసుకుని చూసినా తేడా నిలిచింది. 2000లో అదే రాష్ట్రంలో మళ్ళీ చూస్తే, లైబ్రేరియన్ టీచర్లతో కలిసి పాఠం ప్లాన్ చేసుకునే చోట ఫలితం ఇంకా బాగుంది. అంటే తాళంచెవి దగ్గర పెట్టుకునే నాలాంటివాడు లైబ్రేరియన్ కిందికి రాడన్నమాట.

అలాగని అంతా నమ్మెయ్యకు. మంచి హెడ్‌మాస్టరున్న బడి లైబ్రేరియన్నీ పెట్టుకుంటుంది, పాఠాలూ బాగా చెప్పిస్తుంది. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. అక్కడే ఒహాయో రాష్ట్రంలో 39 బడుల్లో 13,123 మంది పిల్లల్ని అడిగితే, లైబ్రరీ ఏదో ఒక విధంగా సాయపడిందని 99.4 శాతం మంది అన్నారట. మధ్యాహ్న భోజనంలో గుడ్డు బాగుందా అని అడిగినా మా బళ్ళో అంత రాదు! పైగా వాళ్ళు ఏరి ఏరి మంచి లైబ్రరీలున్న బడులకే వెళ్ళారు. ఇన్ని లెక్కలున్నా ఆ దేశంలో 2009-10 నుంచి 2018-19 లోపు బడి లైబ్రేరియన్లు దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు, అది వేరే కథ.

పుస్తకాలు వాడుకోడానికే అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు. అంతకుముందు ఆయన నీలాగే లెక్కల మాస్టారు, తెలుసా?

ఉద్యోగం సంగతి దాచను. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో, గురుకులాల్లో పోస్టులున్నాయి. మా బళ్ళలాంటి చోట్ల లేవు. ఆ టెన్షన్ నీకుంటుంది, కాదనను. కానీ చదువుకి విలువ లేదని మాత్రం అమ్మాయితో అనకు.

ఇప్పుడు శనివారం ఆఖరి పీరియడు బీరువా తెరుస్తున్నాను. ఇప్పటికి రెండు పుస్తకాలు పోయాయి, ఒకటి పసుపు మరకలతో తిరిగొచ్చింది. దసరా సెలవులకి రెండు రోజుల ముందే అమ్మాయిని ఇటు పంపు, ఏది ఎక్కడ సర్దాలో చూపిస్తుంది. పాముల పుస్తకం మాత్రం చూపించలేను. ఆరో తరగతి బి సెక్షన్‌లో తిరుగుతోంది, అట్ట ఊడిపోయిందట.

నీ
రాఘవ